ఒక జత ర్యామ్

లంక, గుండుగొలను దగ్గర
2 నవంబరు 2025

చిరంజీవి సాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ ఉత్తరం ఐసు వేను నడిపే విశ్వాసం చేతికి ఇస్తున్నాను. ఏలూరులో ఐసు ఎత్తుకునేటప్పుడు మీ షాపులో ఇస్తానన్నాడు. తడిసి ఉంటే అతన్ని అనకు, ఐసుని అను.

మొన్న ఫోనులో అరగంట మాట్లాడావు. నా చెవులు ఫోను అందుకోవడం మానేసి రెండేళ్లయిందని తెలిసి కూడా! నేను మధ్యమధ్యలో “సరే నాయనా” అన్నది మర్యాదకి. దేనికి సరే అన్నానో రాసి పంపు, భయంగా ఉంది.

విషయానికి వస్తాను. నాకొక కంప్యూటరు కావాలి. ఆటలాడుకునే రకం. నవ్వకు.

మా శ్యామ్, ఇందు చిన్నప్పుడు గుండుగొలను నెట్ సెంటర్లో ఒకే కీబోర్డు ముందు కూర్చుని కార్ల పందెం ఆడేవాళ్లు. వాడిది కుడిచేతి వైపు, దీనిది ఎడమ వైపు. చీకటి పడితే మీ పెదనాన్న వెళ్లి ఇద్దర్నీ చెరో చెవీ పట్టుకుని తెచ్చేవారు. ఇంట్లో అలాంటిది ఒకటి ఉంటే ఇందు ఒక ఆదివారమైనా వస్తుందేమోనని ఆశ. అది గడప తొక్కి పది నెలలైంది. తాడేపల్లిగూడెం ఎంత దూరమని?

ఎందుకో నీకు సగమే తెలుసు. పెదనాన్న పోయాక శ్యామ్ చేపల చెరువులో ఆయన నడిపిన దోనెని చెల్లెలికి మాట మాత్రమైనా చెప్పకుండా హైవే మీద ఒక హోటలు వాళ్లకి ఇచ్చేశాడు. వాళ్లు దాన్ని గేటు దగ్గర పెట్టి, మట్టి నింపి, బంతిమొక్కలు వేశారు. ఇందు బస్సులో వస్తూ కిటికీలోంచి చూసింది. గుండుగొలనులో దిగలేదు. అదే బస్సులో ఏలూరు దాకా పోయి, అక్కణ్ణించి వెనక్కి గూడెం వెళ్లిపోయింది. ఆ రోజు దాని కోసం పులసలాంటి కొరమీను వండి కూర్చున్నాను.

తక్కువలో అవ్వాలి. గొప్పలకి పోకు.

పెద్దమ్మ
రత్నమాణిక్యం


పవరుపేట, ఏలూరు
5 నవంబరు 2025

రిటైర్డు ప్రధానోపాధ్యాయులు, నా చెవికి మొదటి మెలిక పెట్టిన గురువులు, శ్రీమతి పెద్దమ్మగారి సముఖమునకు, నాలుగేళ్లు బీటెక్ చదివి రాజ్ కుమార్ గారి కంప్యూటర్ షాపులో స్క్రూడ్రైవర్‌తో కాలక్షేపం చేస్తున్న మీ చెల్లెలి కొడుకు దుర్గాసాయి వ్రాసుకొను విన్నపము.

ముందుగా: మీరు ఫోనులో “సరే” అన్నది నా పెళ్లికి. అమ్మాయిని నేనే చూసుకుంటానన్నాను, మీరు సరే అన్నారు. సాక్షిగా విశ్వాసం ఉన్నాడు. ఇక మాట తప్పడానికి లేదండి.

ఇక కంప్యూటరు. అరవై నాలుగేళ్ల వయసులో గేమింగ్ పీసీ అడిగిన తొలి మహిళగా మీ ఫొటో షాపులో కట్టిద్దామని మా ఓనరుతో అన్నాను. ఆయన నవ్వలేదు. “బడ్జెట్ ఎంత?” అన్నారు. కళాహృదయం లేని మనిషి.

తక్కువలో అవ్వాలంటే గ్రాఫిక్స్ కార్డు వదులుకోవాలి. గ్రాఫిక్స్ కార్డు అంటే వేరు కాపురం పెట్టిన కోడలు. తన వంటిల్లు తనది, తన సరుకులు తనవి. ఖరీదు కూడా అలాగే ఉంటుంది. మనం కొనేదాంట్లో బొమ్మలు గీసే పని ప్రాసెసర్‌లోనే ఉంటుంది. ఉమ్మడి కాపురం. లెక్కలు చేసేవాడూ బొమ్మలు గీసేవాడూ ఒకే కొట్టుగదిలోంచి సరుకులు తెచ్చుకోవాలి. ఆ కొట్టుగది పేరే ర్యామ్. కారు ఎంత ఒడుపుగా మలుపు తిరుగుతుందనేది, ఆ గదిలోంచి సరుకు ఎంత వేగంగా బయటికొస్తుందో దాన్నిబట్టి ఉంటుంది. కాబట్టి డబ్బా, కీబోర్డు, ధగధగలాడే లైట్లు, అన్నిచోట్లా పీనాసితనం చేద్దాం. ర్యామ్ దగ్గర మాత్రం చెయ్యొద్దు.

మనకి పదహారు జీబీ చాలు. అది ఒకే ముక్కగా దొరుకుతుంది, ఎనిమిదీ ఎనిమిదీ రెండు ముక్కలుగానూ దొరుకుతుంది. వచ్చినవాళ్లంతా ఒకటే ముక్క అడుగుతారు, “తర్వాత ఇంకోటి వేసుకుంటాం లెండి” అంటారు. ఆ తర్వాత అనేది నా మూడేళ్ల సర్వీసులో ఒక్కరికీ రాలేదు. ఒకటే ముక్కయితే కొట్టుగదికి ఒకటే తలుపు. రెండయితే రెండు తలుపులు. గది సైజు అదే, కానీ సరుకు ఇంచుమించు రెట్టింపు వేగంతో వస్తుంది. నేను రెండు ముక్కల పక్షం. తమరి తీర్పు కోసం ఎదురుచూస్తూ,

మీ
దుర్గాసాయి

తా.క.: ర్యామ్ ధరలు వారం వారం పెరుగుతున్నాయి. మిగతావి తర్వాత కొన్నా, ఇది ముందే కొనేయాలి.


లంక
8 నవంబరు 2025

సాయీ,

పెళ్లి సంగతి మీ అమ్మకి రాశాను. నువ్వు ఇంటికెళ్లేసరికి గరిటె పట్టుకుని ఉంటుంది.

నీ కోడళ్లూ కొట్టుగదులూ నాకు అక్కర్లేదు. నువ్వు చెప్పింది చెరువులో వల లాగడం. పదహారు మందినీ ఒకే గట్టు మీద నిలబెట్టి, రెండో గట్టు ఖాళీగా వదిలేస్తే వల కదులుతుందా? ఈ గట్టున ఎనిమిది మంది, ఆ గట్టున ఎనిమిది మంది. అప్పుడే చేప దారికొస్తుంది. ఇంకో మాట. ఈ గట్టున పడుచువాళ్లనీ ఆ గట్టున ముసలివాళ్లనీ పెడితే, పడుచువాళ్లు కూడా ముసలి నడకే నడవాలి. లేకపోతే వల అడ్డంగా తిరిగిపోతుంది. నీ రెండు ముక్కలూ ఒకే వయసువేనా? చూసి తీసుకో.

ఇవన్నీ నేర్పడానికి నాలుగేళ్ల కాలేజీ ఎందుకో! రెండు రోజులు మా గట్టు మీద నిలబెడితే సరిపోయేది.

కార్తీకం కదా, చేప తినేవాళ్లు లేరు, సరుకు కదలడం లేదు. శ్యామ్ పొద్దస్తమానం మేత బస్తాల మీద కూర్చుని నీళ్లకేసి చూస్తున్నాడు. చేపలు మింగే గూడబాతులు మాత్రం ఏ మాసమూ పాటించడం లేదు. వాడు తరమడం కూడా మానేశాడు.

పెద్దమ్మ


పవరుపేట, ఏలూరు
12 నవంబరు 2025

పెద్దమ్మగారికి నమస్కారాలు.

గరిటె దెబ్బ తగిలిన చేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఆ పాపం మీదే.

మీ వల ఉపమానం మా ఓనరుకి చదివి వినిపించాను. ఈసారి నవ్వలేదు కానీ నోట్ చేసుకున్నారు. నిన్న ఉంగుటూరు నుంచి వచ్చిన ఒక రైతుగారికి అదే చెప్పి రెండు ముక్కలు అమ్మేశారు. మీకు కమిషన్ రావాలి, అడుగుతాను.

విశ్వాసం చేతికి చిన్న పెట్టె ఇస్తున్నాను. అందులో రెండు ర్యామ్ ముక్కలు ఉన్నాయి. కంపెనీవాళ్లు రెంటినీ కలిపి పరీక్ష చేసి, జతగా అమ్ముతారు. ఒకే ఈడు, ఒకే నడక. మీ గట్టు పరీక్షలో పాసవుతాయి. మిగతా డబ్బా అంతా బిగించి, షాపు ర్యామ్‌తో నడిపి చూసి, పది రోజుల్లో పంపుతాను. సెట్టింగుల్లో ఒకటి నేనే మార్చి పంపుతాను. అది మార్చకపోతే ర్యామ్ పెట్టె మీద రాసిన వేగం పెట్టె మీదే ఉండిపోతుంది.

అందాకా వీటిని బీరువాలో పెట్టండి. పసుపు రాయకండి. హారతి కూడా వద్దు.

మీ
దుర్గాసాయి


లంక
15 నవంబరు 2025

సాయీ,

పెట్టె అందింది. రెండూ ఎంత ముచ్చటగా ఉన్నాయిరా! పట్టిపట్టి చూసినా ఏది ఏదో తెలియదు. మీ పెదనాన్న ఉంటే మురిసిపోయేవారు. ఏలూరు వెళ్తే ఏదైనా రెండు తెచ్చేవారు కదా, రంగులో పిసరు తేడా లేకుండా. రెండు పలకలు, రెండు గొడుగులు, రెండు జామెట్రీ బాక్సులు. ఆఖరికి ఇందుకి జడగంటలు కొంటే శ్యామ్‌కీ ఒక జత కొన్నారు. వాడు అవి సైకిలుకి కట్టుకున్నాడు. ఈ ఇంట్లోకి రెండు వచ్చాయంటే ఒకటి వాడిది, ఒకటి దానిది.

అలాగే చేశాను. ఒకటి శ్యామ్ చేతిలో పెట్టాను. ఇంకోటి విరగకుండా పెదనాన్న కళ్లజోడు పెట్టెలో దూది వేసి, గూడెం బస్సు కండక్టరు చేతికిచ్చి ఇందుకి పంపాను. చీటీ రాసే టైము లేదు, బస్సు కదిలిపోయింది. ఫరవాలేదు, చూస్తే తెలుస్తుంది కదా.

డబ్బా ఎప్పుడు పంపుతావు?

పెద్దమ్మ


పవరుపేట, ఏలూరు
18 నవంబరు 2025

పెద్దమ్మగారూ,

ఈ ఉత్తరానికి సంబోధన ఏం రాయాలో తెలియక పావుగంట కూర్చున్నాను.

జత అన్నాను. ఒక వల అన్నారు. రెండు గట్లు అన్నారు. అంత చక్కగా చెప్పిన మనిషి ఒక గట్టుని బస్సెక్కించి గూడెం పంపేస్తారా అండీ! ఆ ముక్కతో ఇందక్క ఏం చేసుకుంటుంది, తల దువ్వుకుంటుందా? అసలు అది దువ్వెనలాగే ఉంటుంది కాబట్టి అదీ అనుమానమే.

ఇది నవ్వులాట సంగతి. ఇక రెండోది. నిన్న సాయంత్రం ఇందక్క నాకు ఫోను చేసింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“సాయీ, పంపకాలు మొదలయ్యాయా?”

“ఏం పంపకాలక్కా?”

“నాన్న కళ్లజోడు పెట్టె వచ్చింది. కళ్లజోడు లేదు. ఏదో కంప్యూటరు ముక్క, దూదిలో. చీటీ లేదు. ఏంటిది? దోనె వాడు అమ్ముకున్నాడు కాబట్టి కళ్లజోడు పెట్టె నా వాటాకి వచ్చిందా? అదీ సగం సామానా?”

“అక్కా, అది పెద్దమ్మ...”

“అమ్మ ఇలాంటివి చెయ్యదు. వాడే పంపాడు. కళ్లజోడు వాడు ఉంచుకుని పెట్టె నాకు పంపాడు. చాలా సంతోషమని చెప్పు.”

ఫోను పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తడం లేదు. మెసేజ్ పెట్టాను, చూసి ఊరుకుంది.

పెద్దమ్మా, ఒక మాట అడుగుతాను, కోపగించకండి. ఇది కావాలని చేశారా? రెండు ముక్కలూ కలిస్తేనే నడుస్తుందని తెలిసే ఒకటి అక్కడికి పంపారా? అయితే మీ తెలివికి వెయ్యి దండాలు, కానీ ఎదురుతన్నింది. కాకపోతే ఇంకో ఎనిమిది జీబీ ముక్క కొని పంపుతాను. జతది కాదు కాబట్టి నడక సరిగ్గా కలవకపోవచ్చు. అయినా పని జరుగుతుంది, ఇందక్క దగ్గరున్నది మీరు అడగక్కర్లేదు.

డబ్బా ఈ వేనులోనే వస్తోంది.

దుర్గాసాయి


లంక
21 నవంబరు 2025

సాయీ,

నన్ను తెలివైనదాన్ని చెయ్యకు. పన్నాగం పన్నే తెలివే ఉంటే పది నెలలు ఆగుతానా? రెండు కనిపించాయి, చేతులు వాటంతటవే చెరొకటీ పంచేశాయి. ముప్ఫై ఏళ్ల అలవాటు. జత అని నువ్వు రాసింది చదివాను, పాఠం కూడా చెప్పాను. చేతులు వినలేదు.

కళ్లజోడు ఆయనతోనే కాటికి పంపేశాం. ఆ సంగతి ఇందుకి తెలియదు, ఆ వేళప్పుడు అది స్పృహలో లేదు. వట్టి పెట్టె ఆ పిల్లకి ఏం చెప్పి ఉంటుందో నాకు ముందే తట్టలేదు. దానికి ఉత్తరం రాశాను, ఇవాళ పోస్టులో వేశాను. పంపింది నేనేనని, కళ్లజోడు ఎక్కడుందో కూడా రాశాను.

ఇంకో ముక్క కొనొద్దు. పిల్లల చేతిలో పెట్టినదాన్ని వెనక్కి అడగడం ఈ ఇంట్లో లేదు. అది తెస్తే తెస్తుంది.

డబ్బా వచ్చింది. శ్యామ్ తన ముక్క ఒక్కటీ పెట్టి చూశాడు. కార్లు బురదలో ఎడ్లబండిలా కదిలాయి. కట్టేసి, “చెల్లికి కూడా పంపావా? ఏమంది?” అన్నాడు. ఏమీ అనలేదన్నాను. సాయంత్రంలోగా అదే మాట ఇంకో రెండుసార్లు అడిగాడు.

నేనూ ఊరుకోలేక అడిగేశాను, దోనె ఎందుకు ఇచ్చేశావురా అని. పది నెలల్లో మొదటిసారి. వాడు నా చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పాడు: “పొద్దున్నే గట్టు మీదికొస్తే అది బోర్లించి ఉండేదమ్మా. నాన్న ఇంకా లేవలేదేంటి అనిపించేది. రోజూ. ఒక్క రోజు కూడా తప్పలేదు.” ఆ అరుపుకి గూడబాతులన్నీ లేచిపోయాయి.

పెద్దమ్మ


పవరుపేట, ఏలూరు
27 నవంబరు 2025

పెద్దమ్మగారికి,

అర్జెంటు. విశ్వాసం బయట హారన్ కొడుతున్నాడు.

ఇందక్కకి మీ ఉత్తరం అందింది. ఫోను చేసింది. ఉత్తరం మొత్తం చదివి వినిపించింది, నేను జోకు వెయ్యలేదు. నమ్మండి, వెయ్యలేదు. తర్వాత అంది: “ఆదివారం వెళ్తాను. నా వాటా నేనే తీసుకెళ్లి వాడి మొహాన కొడతాను.”

కొట్టొద్దని చెప్పండి. ఆ ముక్క కాళ్లు బంగారు రంగువి, ముట్టుకోకూడదు. అంచులు పట్టుకోవాలి. డబ్బా ఇనప భాగాన్ని ఒకసారి తాకి మరీ పట్టుకోవాలి, ఒంట్లో కరెంటు ఉంటే దానికి పడదు. ఇందక్క ఒంట్లో ఎంత ఉందో మీకు తెలుసు.

ఇంకోటి, అసలైనది. బోర్డు మీద ర్యామ్ దిగేందుకు నాలుగు గాడులు ఉంటాయి. రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టెయ్యకండి. అందరూ చేసే తప్పు అదే, దగ్గరగా ఉంటే బాగా కలిసి పనిచేస్తాయనుకుంటారు. పక్కపక్కన పెడితే రెండూ ఒకే తలుపు దగ్గర తోసుకుంటాయి. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో గాడిలో ఒకటి, నాలుగో గాడిలో ఒకటి. మధ్యలో ఒక గాడి ఖాళీగా వదలండి. అప్పుడే రెండూ కలిసి నడుస్తాయి.

శ్యామన్నయ్య దోనె గురించి మీకు చెప్పింది నేను ఇందక్కకి చెప్పలేదు. నాలుక చివరిదాకా వచ్చింది. అది చెప్పాల్సినవాడు వేరే ఉన్నాడనిపించింది. నాకు ఇలాంటి ఆలోచనలు రావడం మా ఇంట్లో తెలిస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు.

హారన్ ఆగడం లేదు.

సాయి


లంక
1 డిసెంబరు 2025

చిరంజీవి సాయికి,

నిన్న వచ్చింది. గుండుగొలనులోనే దిగింది. శ్యామ్ బండి తీసుకుని వెళ్లబోయి, గుమ్మంలో ఆగిపోయి, మళ్లీ లోపలికొచ్చి కూర్చున్నాడు. అది ఆటోలో వచ్చింది.

వాడి మొహాన ఏమీ కొట్టలేదు. కళ్లజోడు పెట్టెని బల్ల మీద పెట్టింది. వాడు మూత తీసి, లోపలి దూదిని వేలితో తడిమి, మళ్లీ మూసి దాని వైపే జరిపాడు. నేను నీ ఉత్తరాన్ని దోనె మాట దగ్గర లోపలికి మడిచి ఇద్దరి ముందూ పెట్టాను. ఇందు పైకి చదివింది, వాడు డబ్బా మూత స్క్రూలు విప్పాడు. ఒంట్లో కరెంటు అన్న చోట ఆగి నాకేసి చూసి, “వీడి పెళ్లి సంగతి నేను చూస్తాను” అంది. నా చెవి దగ్గరే అంది కాబట్టి వినపడింది. జాగ్రత్త.

వాడి ముక్క రెండో గాడిలో ఉంది. తనది నాలుగో గాడిలో తానే పెట్టింది. పెట్టాక ఎంతసేపు ఆడారో! వాడు కుడి వైపు, ఇది ఎడమ వైపు. కార్లు నీళ్లలో చేపల్లా జారిపోతున్నాయి. నీ పని బాగుంది.

మధ్యలో వాడు తెర మీంచి కళ్లు తీయకుండా ఏదో చెప్పాడు. చాలాసేపే చెప్పాడు. ఇందు కారు గోడకి గుద్దుకుని ఆగిపోయింది, అది మళ్లీ నడపలేదు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. “ఏమన్నాడే?” అని అడిగితే, “ఏం లేదమ్మా” అంది, ముక్కు తుడుచుకుంటూ. నా చెవులు పోయినందుకు నేను ఇంతవరకు ఏడవలేదు. నిన్న ఆ ఒక్క నిమిషం ఏడుపొచ్చింది. ఆ తర్వాత, పోనీలే, నాకు చెప్పింది కాదుగా, అనుకున్నాను.

అన్నాలకి కూర్చున్నప్పుడు, ఎప్పటిలాగే ఇద్దరూ మధ్యలో పెదనాన్న కూర్చునే చోటు వదిలి కూర్చున్నారు. ఆయన పోయాక అది వచ్చినప్పుడల్లా “దగ్గరికి జరగండి, జరగండి” అని నేను వాళ్ల ప్రాణం తీశాను. నిన్న అనలేదు. ఆ చోటు మీదుగా వాడు పచ్చడి జాడీ అందించాడు, అది అందుకుంది.

వాడే బండి మీద బస్సు దాకా దింపాడు. ఆ హోటలు ముందు నుంచే వెళ్లాలి. ఆగారో లేదో నేను అడగలేదు. వాడు వచ్చాక చూస్తే చొక్కా జేబులో ఒక బంతిపువ్వు ఉంది.

ఇక నీకు కోపమొచ్చే సంగతి. వెళ్లేముందు ఇందు తన ముక్కని ఊడదీసి కళ్లజోడు పెట్టెలో పెట్టుకుంది. “నాది నా దగ్గరే ఉంటుంది. వచ్చే ఆదివారం తెస్తాను” అంది. అలా మాటిమాటికీ తీసి పెట్టకూడదని నువ్వు అరుస్తావని తెలుసు. అరుచుకో. నాకు వినపడదు.

ఇవాళ శ్యామ్ కంప్యూటరు ఆన్ చెయ్యలేదు. మూత మాత్రం విప్పి, నాలుగో గాడిలో దుమ్ము పడకుండా ఒక మెత్తటి గుడ్డ మడిచి పెట్టాడు.

పెద్దమ్మ
రత్నమాణిక్యం